చీరకు అవతలి కొస

గద్వాల చీరల దుకాణంలో పనికి కుదిరే మగవాడికి ఎడమ భుజం బాగుంటే చాలు, మొహం ఎట్లా ఉన్నా నడుస్తుంది. కొనడానికి వచ్చిన ఆడవాళ్లకు కొంగు మన భుజం మీద వేసుకుని, కుచ్చిళ్లు నడుము దగ్గర పట్టుకుని, అటూ ఇటూ తిరిగి చూపించాలి. ఏడో తరగతిలో లెక్కల సారుకూ నాకూ పొత్తు కుదరక బడి మానేసినప్పటి నుంచి నేను చేసింది ఆ పనే. "మీకన్న నాకే మంచిగున్నదంటే చెప్పుండ్రి అక్కా, నేనే ఉంచుకుంట" అనేవాణ్ని. వాళ్లు నవ్వేవాళ్లు, కొనేవాళ్లు, వెళ్లిపోయేవాళ్లు. నా భుజమెక్కని రంగు లేదు. నా గది ముందు తీగ మీద మాత్రం నా చొక్కాలూ ఒక తువ్వాలూ తప్ప మరేమీ ఆరలేదు. నలభై దగ్గర పడుతున్నా పెళ్లి కాలేదు. "దినాం ఇంతమంది ఆడోళ్లను చూస్తవ్, ఒక్కరన్న దొర్కలేదారా?" అని మా సేటు అడిగితే, "అందరు చీరను చూసిర్రు సేటూ, కట్టుకున్నోణ్ని ఎవరు చూసిర్రు" అన్నాను. ఆయన పొట్ట పట్టుకుని నవ్వాడు. నేనూ నవ్వాను. ఆ రాత్రి గదికి వెళ్లి స్టవ్ మీద ఒక్కడికి సరిపడా బియ్యం పోసుకున్నాను.

రెండు వేల సంవత్సరం దాటిన కొన్నేళ్లకు, ఒక ఆషాఢంలో హైదరాబాద్ నుంచి ఒక మేడం వచ్చింది. చిన్న మ్యూజియం ఒకటి ఆమెను పంపింది. అప్పటికి గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ అన్నీ ఒకే పాలమూరు జిల్లా. ఈ మూడు ఊళ్ల చుట్టుపక్కల ఇళ్లలో మిగిలిన పాత గద్వాల చీరలను చూసి, కొలిచి, ఫొటోలు తీసి, ఏ అంచు ఏ కాలంలో నేశారో రాసిపెట్టడం ఆమె పని. ఇచ్చేవాళ్లుంటే కొన్నింటిని మ్యూజియానికి తీసుకుంటారు. ఆషాఢంలో పెళ్లిళ్లుండవు, దుకాణంలో ఈగలు తప్ప గిరాకీ ఉండదు. సేటు నన్ను చూపించి, "వీణ్ని తీస్కపోండి మేడం, చీర విప్పుతడు, మడ్త పెడ్తడు, మధ్యమధ్యల నోరు కూడ విప్పుతడు, అది మాత్రం మీరే ముయ్యాలె" అని అప్పగించాడు.

ఇళ్లలో నా పని గుంజ పని. చీర కొంగును రెండు చేతులతో ఎత్తి పట్టుకుని, దాని వెనకాల మాయమై నిలబడాలి. మేడం ఫొటో తీస్తుంది. నా తల కనపడకూడదు, నవ్వు వినపడకూడదు, చీర ఊగకూడదు. తర్వాత కంప్యూటర్లో నా వేళ్లు కూడా కత్తిరించేస్తారని మేడమే చెప్పింది. "ఇన్ని ఫొటోలు దిగినా, ఒక్కదాంట్ల గూడ లేకపోవుడు నాకే చేతనైంది మేడం" అన్నాను. ఆమె నవ్వి, భూతద్దం చీర మీద పెట్టి పోగులు లెక్కపెట్టుకుంది. ఆమె మంచిదే. కానీ పనిలో పడితే ఆమెకు పక్కన మనిషి ఉన్నట్టు తెలియదు.

ఆమె దగ్గరే నేను ఒక సంగతి నేర్చుకున్నాను. చీరను చంపేది చెదపురుగు ఒక్కటే కాదు, మడత కూడా. ఒకే మడతలో ఏళ్ల తరబడి ఉంటే పట్టు అంచు అక్కడే విరుగుతుంది, జరీ తెగుతుంది. అప్పుడప్పుడు విప్పి, గాలికి పెట్టి, పాత గీత మీద పడకుండా కొత్త చోట మడవాలి. దానికి ఇద్దరు మనుషులు కావాలి. ఒక కొస ఒకరు, అవతలి కొస ఇంకొకరు.

అట్లా వనపర్తిలో నర్సమ్మ ఇంటికి పోయాం. ఆమె సర్కారు దవాఖానాల్లో పురుళ్లు పోసి రిటైరైన నర్సు. కొన్నేళ్లు నాగర్‌కర్నూల్లో, ఎక్కువ కాలం వనపర్తిలో చేసింది. పెళ్లి చేసుకోలేదు. కిరాయికి రెండు గదులు, ఒక మంచం, ఒక గ్యాస్ పొయ్యి, గోడ వారగా రెండు ఇనుప పెట్టెలు. నేల మీద అన్నం పడినా ఎత్తి తినేంత శుభ్రం. మేం చెప్పులు బయట విప్పాం. ఆమె మా కాళ్ల వంక చూసి, "ఆడ నీళ్లున్నయి" అంది. మేడం, నేను మారు మాట్లాడకుండా కాళ్లు కడుక్కున్నాం.

పెట్టెల నిండా గద్వాల చీరలు. నూలు ఒళ్లు, పట్టు అంచు, జరీ కొంగు. మిరపపండు రంగు, నెమలికంఠం, బచ్చలిపండు రంగు. ఒక్కటి కూడా కట్టినది కాదు.

"మంచిగ పురుడు పోస్తే తల్లిగారోళ్లు చీర పెడ్తుండిరి. డ్యూటీల తెల్ల చీర. డ్యూటీ దిగినంక గివి కట్టుకొని ఎవరింటికి పోవాలె?" అంది నర్సమ్మ.

మేడం ఒక్కో చీర మూలను చూసింది. చూసినవాటిల్లో ప్రతిదానికీ మూల మీద వేలెడంత పసుపు మచ్చ. మాకది కొత్త కాదు. కొత్త బట్టను ఎవరికైనా పెట్టేముందు మూలకు పసుపు రాస్తారు, పెట్టడానికని చెప్తే దుకాణంలో మేమే రాసి ఇస్తాం. మేడం ఆ మచ్చను వేలితో తడిమి, తనలో తాను నవ్వుకుని, ఏమీ అనలేదు. సాయంత్రమవుతోంది, కెమెరా బ్యాటరీ అయిపోయింది. పైన ఉన్న నాలుగైదు చీరలు మాత్రం పూర్తిగా విప్పి చూసి, మ్యూజియం పెద్దసారును తీసుకుని మళ్లీ వస్తానంది.

నర్సమ్మ అడగాలనుకున్నది గుమ్మం దగ్గర అడిగింది. "అన్ని ఒక్క తాన ఉంటయా మేడం?"

"నా ప్రయత్నం అదేనమ్మా. అన్నీ కలిపి ఒకే బీరువాలో, ఒక నర్సుకు వచ్చిన కానుకలని పెట్టిస్తాను."

"ఎందుకడుగుతున్ననంటే, మా తమ్ముని కోడలు పోయిన పండుగకు వచ్చి పెట్టె తెరిచి చూసింది. పాత జరీ కొనెటోన్ని తెలుసంట ఆమెకు. చీర మొత్తం కాలుస్తరంట, బూడిదల జరీల ఉన్న ఎండి ముద్దయి మిగుల్తదంట. నేను పోయిన తెల్లారే గీ చీరలకు కూడ కట్టెలు పేరుస్తరు. నన్ను కాలిస్తే కాల్చనీ. గివాటిని కాల్చొద్దు."

మేడం ఆమె చెయ్యి పట్టుకుంది. పెద్దసారు వచ్చేలోగా మడతలు మార్చి ఉంచమని నాకు చెప్పింది. మంగళవారం కొత్త బట్ట ఎవరూ కొనరు, ఆరోజు మా దుకాణానికి సెలవు. అట్లా నా మంగళవారాలు నర్సమ్మవి అయ్యాయి.

పొద్దున్నే గద్వాలలో బస్సెక్కి, బీచుపల్లి దగ్గర కృష్ణ దాటి, పెబ్బేరు మీదుగా వనపర్తిలో దిగేవాణ్ని. కాళ్లు కడుక్కునేవాణ్ని. ఆమె ఒక కొస పట్టుకుని వంటగది గుమ్మంలో, నేను ఇంకో కొస పట్టుకుని వీధి గుమ్మంలో నిలబడేవాళ్లం. చీర మా మధ్య బిగుసుకునేది. ఇద్దరం దగ్గరికి నడిచి కొసలు కలిపేవాళ్లం, ఆమె వేళ్ల నుంచి నా వేళ్లలోకి చీర వచ్చేది. మళ్లీ వెనక్కి.

"గట్టిగ గుంజకురా, అది బిడ్డ కాదు."

"మీరు బిడ్డల్ని గిట్లనే గుంజుతుండిరా నర్సమ్మా?"

"నిన్నెవరు గుంజిర్రో గాని, నోరు ముందుగాల బయటికొచ్చినట్టున్నది."

"మా తిమ్మాజిపేట మంత్రసాని. మీ చేతుల పుట్టుంటే ఇంకో జానెడు పొడుగు గుంజుతుంటిరి."

ఆమె నవ్వితే చీర వణికేది, ఆ వణుకు నా చేతుల దాకా వచ్చేది. గుంజలాగా నిలబడిన ఇన్నేళ్లలో అవతలి కొస నుంచి నాకు ఏదైనా రావడం అదే మొదలు.

విప్పిన ప్రతి చీరకూ ఆమె ఒక కాన్పు చెప్పేది. ఇది ఎదురుకాళ్లతో వచ్చినోడిది. ఇది పెద్దమందడి నుంచి ఎడ్లబండిలో వచ్చినామెది, గేటు దగ్గరే కనింది. ఇది కవలలది.

"ఇద్దరికి ఒక్కటే చీరనా? మోసం గద నర్సమ్మా" అన్నాను.

"వాళ్ల నాయిన గదే అన్నడు. ఒక చీర పెడ్తమని మొక్కిన, ఇద్దరొస్తరని నాకేం తెల్సు అన్నడు."

ఒక చీర మాత్రం మస్లిన్ గుడ్డలో చుట్టి ఉండేది. నాగర్‌కర్నూల్లో ఒక తురకల ఇంట్లో, కిరాణా వ్యాపారం చేసేవాళ్లు, పెద్ద కోడలి కాన్పుకు పెట్టిన చీర. వాళ్లు పసుపు రాయలేదు, మూలకు అత్తరు పూశారు. గుడ్డ విప్పితే ఇంకా సన్నగా వాసన వచ్చేది. అది విప్పిన రోజు మేమిద్దరం తలా ఒకసారి వాసన చూసి మడతపెట్టాం.

వనపర్తి బజార్లో ఆమెతో పాటు ఒకసారి మందుల దుకాణానికి నడిచాను. దారి నిండా ఆమె చేతుల్లో పుట్టినవాళ్లే ఉండి ఉండాలి. బైకుల మీద పోయేవాళ్లు, మిర్చీలు వేయించేవాళ్లు, ఆటో నడిపేవాళ్లు. ఒక్కరూ తల తిప్పలేదు. "వాళ్లెట్ల గుర్తుపడ్తరు, కండ్లు మూసుకొని పుట్టిరి" అంది ఆమె. ఆ జోకు నేను వేయాల్సింది. ఆమె వేసేసరికి నవ్వు రాలేదు.

పెద్దసారు వచ్చే రోజు ఖాయమైంది. ఇంటి ఓనరు ఫోనుకు మేడం ఫోన్ చేసి, "అన్నీ నీట్‌గా పెట్టి ఉంచండమ్మా" అని చెప్పిందట. ఎవరింటికి వస్తున్నా మనం ఫోన్లో అనే మాటే అది.

ఆ మంగళవారం నేను పోయేసరికి వాకిట్లో బకెట్ నిండా ఎర్రటి నీళ్లు. తీగ మీద చీరలు. ఒక్కో చీర మూల తడిసి కిందికి వేలాడుతోంది. నర్సమ్మ చివరి చీర మూలను బండ మీద పెట్టి, బార్ సబ్బుతో రుద్దుతోంది. పసుపు మీద సబ్బు పడితే నెత్తుటి రంగుకు తిరుగుతుంది. ఆమె చేతులు మణికట్టు దాకా ఎర్రగా ఉన్నాయి. కాన్పు గదిలో అట్లాగే ఉండేవేమో.

"మరకలు, బిడ్డా. ఇన్నేండ్లు చూసుకోనే లేదు. పెద్దసారు చూస్తే నర్సింటి చీరలు గిట్లనా అనడా? నిమ్మకాయ గూడ రుద్దిన. ఎండకు పోతయి" అంది.

నేను ఏదో అనబోయాను. అది మరక అని నేనూ అనుకోలేదు, మరక కాదనీ ఎప్పుడూ అనుకోలేదు. "డెటాల్ వెయ్యలేదు గద?" అన్నాను. "వెయ్యలే, సంతోషపడు" అంది. పాలమూరు ఎండ తన పని తాను చేసింది. మధ్యాహ్నానికి మూలలన్నీ దుకాణంలో అప్పుడే విప్పిన కొత్త బట్టంత శుభ్రమయ్యాయి. ఆమె ఒక్కోటి చూసుకుని తృప్తిగా మడిచింది. అవతలి కొస నేనే పట్టుకున్నాను.

పెద్దసారు నెమ్మదైన మనిషి. చెప్పకుండానే కాళ్లు కడుక్కున్నాడు. మంచం మీద తెల్లదుప్పటి పరిచి చీరలు విప్పాం. మేడం మొదటి చీర మూల చూసింది. రెండోది చూసింది. మూడోది చూసి నా వంక తిరిగింది. నేను నేల వంక చూశాను.

"పసుపు ఏదమ్మా?" అంది మేడం. గొంతు పైకి లేవలేదు.

"తీసేసిన మేడం. ఒక్కటి గూడ మిగల్లే" అంది నర్సమ్మ, మెచ్చుకుంటారని.

మేడం మంచం అంచు మీద కూర్చుంది. "ఆ మచ్చల కోసమే సార్‌ని తీసుకొచ్చానమ్మా. ఇవి కొన్న చీరలు కావు, చేతికిచ్చిన చీరలు అని చెప్పేది అదొక్కటే. నేను ఆరోజే ఫొటో తీయాల్సింది. మీకు చెప్పాల్సింది."

నర్సమ్మకు అర్థం కావడానికి కొంతసేపు పట్టింది. తన చేతులు చూసుకుంది. తర్వాత మొదటి చీర ఎత్తి, "ఇది పెద్దమందడి ఆమెది సార్" అని మొదలుపెట్టింది. ఒక్కో చీరా ఎత్తుతూ కాన్పులన్నీ చెప్పింది. పెద్దసారు మధ్యలో ఆపకుండా విన్నాడు.

"మీ మాట మీద నమ్మకం లేక కాదమ్మా" అన్నాడు చివరికి. "రేపు మీరూ ఉండరు, నేనూ ఉండను. అప్పుడు చీరే చెప్పుకోవాలి. ఈ అంచులన్నీ మా దగ్గర ఇప్పటికే ఉన్నాయి. దుకాణం చీరలుగా అయితే మళ్లీ తీసుకోవడానికి కమిటీ ఒప్పుకోదు."

ఆమె తల ఊపింది. నర్సు కదా, రాసి లేనిదాన్ని డాక్టరు ఒప్పుకోడని ఆమెకు తెలుసు.

మస్లిన్ గుడ్డలోది అడుగున ఉంది. పెద్దసారు అది విప్పి, మూల దగ్గర వంగాడు. అత్తరు ఆరి, దీపం వెలుతురుకు మాత్రమే కనిపించే నూనె వలయం. నర్సమ్మ కళ్లకు ఆనలేదు కాబట్టి బతికిపోయింది. ఆయన వాసన చూసి, "ఇది తీసుకుంటాం" అన్నాడు.

"ఒక్కటేనా?" అంది నర్సమ్మ. "ఒక్క కాన్పే చేసిన్నా నేను?"

వాతావరణం తేలిక చేయడం నా వృత్తి. ఆరోజు మాత్రం విప్పిన చీరలు మడవడానికి వంగాను. ఆ చీరను మేడం అట్ట గొట్టానికి చుట్టి, తెల్లగుడ్డ కప్పి, కారులో ఒళ్లో పెట్టుకుని పోయింది. ఎక్కే ముందు నాతో, "పాపం, మడతలు మాత్రం మారుస్తూ ఉండు" అంది.

మరుసటి మంగళవారం నేను పోయేసరికి పెట్టెలు రెండూ తెరిచి ఉన్నాయి. పొయ్యి మీద పెద్ద గిన్నెలో నీళ్లు మరుగుతున్నాయి. నర్సమ్మ చేతిలో కత్తెర.

"పట్టుకో" అంది.

"ఏం చేస్తున్నరు నర్సమ్మా?"

"అంచు యాడ కలుస్తదో నీకు తెల్సు గద. ఆడికెల్లి కొయ్యాలె. ఒళ్లంత నూలే. మెత్తటి నూలు. దవాఖానల పుట్టిన పోరగాళ్లను చుట్టెతందుకు గుడ్డ లేక, తల్లి కొంగు చింపుతున్నరంట, ఆడ పనిచేసే ఆయమ్మ చెప్పింది."

"గివి పాత చీరలు నర్సమ్మా. మేడం ఇంకోపారి అడుగుతదేమో. వేరే మ్యూజియమన్న..."

"మ్యూజియం చూసింది, వద్దన్నది. తప్పు వాళ్లది గాదు. నా సబ్బుది." కత్తెర పెట్టింది. "జరీ మా తమ్ముని కోడలికి ఇస్త. కాల్చుకోనీ. ఒళ్లు మాత్రం కాల్చనియ్య."

చీరకు చిన్న గాటు పడకుండా చూసుకోవడమే ఇరవై ఏళ్లకు పైగా నా బతుకు. గోరు తగిలినా సేటు తిడతాడని గోళ్లు వారం వారం కత్తిరించుకునేవాణ్ని. నూలుకు పట్టు అతుక్కున్న గీతను వేలితో చూపించాను. ఆమె గాటు పెట్టింది. ఇద్దరం చెరో వైపు పట్టుకుని లాగాం. నూలు చిరిగే శబ్దం ఆ రెండు గదుల్లో చాలా గట్టిగా వినిపించింది. మిరపపండు, నెమలికంఠం, కవలల చీర. ఆరోజు ఆమె ఒక్క కాన్పూ చెప్పలేదు. నేను అడగలేదు.

చదరాలుగా చింపినవన్నీ ఆమె మరుగు నీళ్లలో వేసింది. రంగులన్నీ కలిసి నీళ్లు బురద రంగుకు తిరిగాయి. ఆరాక గుడ్డలు పాలిపోయి, పసిపిల్లల చర్మమంత మెత్తగా అయ్యాయి. వాటిని మూటగట్టి ఆటోలో దవాఖానకు తీసుకుపోయాం. కాన్పుల వార్డులో డ్యూటీ నర్సు చిన్నపిల్ల, నర్సమ్మను ఎరగదు. మూట విప్పి వేళ్లతో నలిపి చూసి, "మరగబెట్టిర్రా?" అని అడిగింది.

"ఆ" అంది నర్సమ్మ.

"మంచిదమ్మా. ఆడ పెట్టుండ్రి."

అంతే. మేం బయటికొచ్చాం. మెట్ల దగ్గర ఆమె కొంచెం ఆగింది, లోపల ఎవరో ఏడ్చారేమో విందామని. ఆ వేళకు లోపల ఎవరూ పుట్టలేదు.

ఆ తర్వాతి మంగళవారం కూడా నేను బస్సెక్కాను. ఎందుకెక్కానో కండక్టరు టికెట్ అడిగేదాకా ఆలోచించలేదు. కాళ్లు కడుక్కుని లోపలికి పోయాను. పెట్టెలు రెండూ మూసి ఉన్నాయి, వాటి మీద పత్రికలు పరిచి ఉన్నాయి.

"ఏం పని మీదొచ్చినవ్ రా?" అంది.

"బస్సు ఆగలే నర్సమ్మా, ఈడిదాక తీస్కొచ్చింది."

ఆమె చాయ్ పెట్టింది. ఆమె మంచం మీద, నేను పెట్టె మీద కూర్చున్నాం. ఇన్ని వారాలు అంత మాట్లాడుకున్నవాళ్లం, మధ్యలో చీర లేకపోయేసరికి ఎక్కడ మొదలుపెట్టాలో ఇద్దరికీ తోచలేదు. నేను రెండు జోకులు వేశాను. ఆమె మర్యాదకు నవ్వింది. చాయ్ అయిపోయాక గ్లాసు నేనే కడిగాను. ఆమె దాన్ని మళ్లీ కడిగింది.

అట్లా ఇంకో రెండు మూడుసార్లు పోయి ఉంటాను. "ఊకె బస్సుకు పైసలు పెట్టకు బిడ్డా" అందొకసారి. రావద్దనలేదు, రమ్మనలేదు. తర్వాత మాఘమాసం వచ్చింది, పెళ్లిళ్ల గిరాకీ ఎత్తుకుంది, సేటు మంగళవారం కూడా దుకాణం తెరిచాడు. పొద్దున్నుంచి రాత్రి దాకా మళ్లీ భుజం మీద కొంగులు. కొత్త చీరలు మడిచేటప్పుడు అవతలి కొస పట్టుకోవడానికి కొత్తగా చేరిన ఒకతను ఉండేవాడు. చీర బిగుతుగానే పట్టుకునేవాడు, పని తెలిసినవాడు. చూపు మాత్రం వీధి వైపు ఉండేది.